మావాడికో శికారీ థైలా

పోయిన నెల ఒక జుమ్మా రోజు. నమాజు చదివి ఇంటికొచ్చి దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నానో లేదో, మావాడు ఫోను తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టాడు. "అబ్బా, యే దేఖో" అన్నాడు. చూస్తే ఒక సంచి. గుడ్డ మీద ఆకులు, కొమ్మలు, ఎండుగడ్డి అచ్చేసి ఉన్నాయి. వెనక పెద్ద అర, ముందు రెండు చిన్న అరలు, నడుముకు ఒక పట్టీ, రొమ్ముకు ఇంకో పట్టీ. పక్కన కర్రలాంటిదేదో కట్టుకోవడానికి తాళ్లు. పేరు హంటింగ్ బ్యాక్‌ప్యాక్ అట. 45 లీటర్లు పడుతుందట. ధర మూడు వేల చిల్లర.

మావాడికి పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. సెలవు దొరికిన ఆదివారం వాళ్ల మామూతో కలిసి సాగర్ కుడి కాలువ వైపు గాలం వేయడానికి పోతాడు. మన ఇళ్లల్లో దాన్ని కూడా శికారే అంటాం కదా, "మఛ్లీ కా శికార్" అని. ఆ లెక్కన వాడు శికారీయే. శికారీకి శికారీ థైలా కావాలి. వాడి తర్కంలో తప్పేం లేదు.

"నక్కో బేటా" అన్నాను.

"క్యోఁ?"

"ధర ఎక్కువరా."

"సగం మామూ ఇస్తానన్నాడు."

"గుడ్డ నాసిరకంగా ఉంటుంది. నాలుగు రోజులకు జిప్పు ఊడొస్తుంది."

"కొన్నవాళ్లు రాసినవి చదివా అబ్బా. బాగుందనే రాశారు."

"కాలేజీకి పట్టుకుపోవడానికి పనికిరాదు."

"కాలేజీకని నేను అడగలేదుగా!"

మూడు బహానాలు చెప్పాను. మూడింటినీ పక్కకు తోసేశాడు. నాలుగోది వెతుక్కుంటుంటే, ఖుబూలీ వడ్డిస్తున్న వాళ్లమ్మ తలెత్తకుండానే అంది: "అసలు మాట చెప్పండి పిల్లగాడికి. ఎంతసేపని తిప్పుతారు?"

అసలు మాట నాకు తెలుసు. తనకూ తెలుసు. ఆ రోజు చెప్పలేక "తర్వాత చూద్దాంలే" అని లేచి చెయ్యి కడుక్కున్నాను. ఆ తర్వాత వారం రోజులు నాలో నేను చేసుకున్న బహస్‌నే ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్క మా ఇంటి మాట కాదనిపించింది.

ముందు మా దాదా థైలా సంగతి చెప్పాలి.

మాది గురజాల దగ్గర పల్లె. మా దాదా దగ్గర ఒక కిత్తాన్ సంచి ఉండేది. నా చిన్నప్పుడు అది గోడకున్న చిలక్కొయ్యకు వేలాడుతుండేది. రంగు వెలిసిపోయి, అడుగున తోలు అతుకు వేసి ఉండేది. మూత లోపలివైపు నల్లసిరాతో ఆయన పేరు ఉర్దూలో రాసుకున్నాడు. నాకు అలిఫ్, బే వచ్చాక మొదట కూడబలుక్కుని చదివిన రాతల్లో అదొకటి. అందరూ దాన్ని శికారీ థైలా అనేవాళ్లు. నేను చాలా ఏళ్లు దాదా గొప్ప శికారీ అనుకున్నాను, తుపాకీతో దుప్పుల్నీ కణుజుల్నీ కొట్టి ఉంటాడనుకున్నాను. ఒకరోజు అబ్బాను అడిగితే నవ్వాడు. "మీ దాదా జిందగీలో తుపాకీ పేల్చలేదురా. ఆయన శికార్‌కు పోయింది జబహ్ చెయ్యడానికి" అన్నాడు.

సంగతేమిటంటే, అప్పట్లో కామందులు వేటకు పోయేటప్పుడు వెంట ఒక సాయిబును తీసుకుపోయేవాళ్లు. జంతువు పడగానే ప్రాణం ఉండగానే అల్లా పేరు చెప్పి కోస్తే అది హలాల్. వెంట వచ్చిన తురకోళ్లూ తింటారు. ఇంకో మాట కూడా ఉంది. మన పల్లెల్లో పెళ్లికైనా జాతరకైనా వేటను సాయిబు చేత కోయించడం చాలాచోట్ల అలవాటు. ఆయన చెయ్యి పడితేనే కోత శుభ్రంగా ఉంటుందని నమ్మకం. అందుకని మా దాదా సంచిలో ఒక కత్తి, సానరాయి, ఉప్పు మూట, నీళ్ల చెంబు, రెండు జొన్నరొట్టెలు ఉండేవట. ఆ సంచిలో కత్తి ఉందని ఊరందరికీ తెలుసు. ఆ కత్తి కోసమే ఆయన్ని పిలిచేవాళ్లు. సంచి భుజాన వేసుకుని తెల్లారకముందే సాయిబు వీధిలో పోతుంటే భయపడ్డవాళ్లు లేరు. "ఈరోజు ఎటువైపు సాయిబూ?" అని అడిగేవాళ్లు.

ఆ జమానా అంతా మంచిదని చెప్పడం లేదు. పొదలు కొట్టి జంతువును తోలేది పేదోళ్లు. ముళ్లు గుచ్చుకునేది వాళ్ల కాళ్లకు. తుపాకీ పేల్చేది, ఫోటో దిగేది కామందు. మంచి కండ ఎవరింటికి పోయేదో, తలకాయ ఎవరికి దక్కేదో చెప్పనక్కర్లేదు. 1955 డిసెంబరులో సాగర్ డ్యామ్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో కాలువల్లోకి నీళ్లు వదిలారు. మెట్ట, పోరంబోకు, చిట్టడవి కలిసి ఉన్న నేలలు మిరపచేలూ పత్తిచేలూ అయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా కొందరు దొంగచాటుగా పోయేవాళ్లట. మా దాదా పోలేదు. సర్కారు వద్దన్నాక చేసేది శికార్ కాదు, చోరీ అనేవాడట. థైలా చిలక్కొయ్యకు తగిలించాడు, మళ్లీ దించలేదు. నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన పోయాడు. ఆ సంచి ఏమైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

ఇక నా అసలు మాట.

నేను ఇరవై ఏళ్లుగా విలేకరిని. ఈ పల్నాడులో ఎన్ని ఎన్నికలు, ఎన్ని గొడవలు చూశానో. ఒకసారి అలాంటి రోజుల్లోనే నలుగురం విలేకరులం కలిసి ఒక ఊరికి పోతున్నాం. దారిలో ఆపారు. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. మిగతా ముగ్గురి సంచుల్ని పైపైన తడిమి పొమ్మన్నారు. నా పేరు అడిగారు. చెప్పాను. నా సంచి మాత్రం రోడ్డు మీద గుమ్మరించారు. కెమెరా, ఒక లెన్సు, నోటుబుక్కు, సగం తాగిన నీళ్ల సీసా. లెన్సు మట్టిలో దొర్లుతూ పోయి ఆగింది. అందరిముందూ వంగి ఒక్కొక్కటీ ఏరుకున్నాను. మా వాళ్లు ఏదో అనబోతే "జానే దో" అని నేనే ఆపాను. ఆ వంగిన నడుం నాకు ఇంకా గుర్తుంది.

అప్పటికి నా వయసు ముప్పై దాటింది. జేబులో గుర్తింపు కార్డు ఉంది. మావాడికి పదహారు. గడ్డం ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. మాట తడబడే వయసు. ఆకుల అచ్చు గుడ్డ సంచి, నడుముకు పట్టీ, పక్కన గుడ్డ చుట్టిన పొడుగాటి గాలం కర్ర. చీకటితో బయలుదేరి స్కూటరు మీద కాలువగట్టున పోతుంటే ఎవరైనా ఆపి, పేరు అడిగి, సంచి గుమ్మరించమంటే? వాడు ఏ మాట అంటాడు? అది విని అవతలివాళ్లు ఏమంటారు? ఎవరో ఫోనులో వీడియో తీస్తే కింద ఏం రాస్తారు? నా నోట "నక్కో" అనిపించింది ఇదే. మూడు వేలూ కాదు, జిప్పూ కాదు. ఖౌఫ్.

ఇక్కడ కొందరు దోస్తులు ఒక మాట అంటారు. అది నిజం కూడా. పల్నాడులో సంచి మీద షక్ ఒక్క తురక పిల్లగాళ్ల మీదే పడదు. ఇక్కడ పేరు అడిగితే ఇంటిపేరు కోసం అడుగుతారు, ఊరు అడిగితే పార్టీ కోసం అడుగుతారు. 2024 మేలో పోలింగు రోజునా, ఆ తర్వాతా మాచర్లలో, నరసరావుపేటలో గొడవలయ్యాయి. 144 సెక్షన్ పెట్టారు. అలాంటి రోజుల్లో ఏ కులం పిల్లవాడైనా భుజాన బరువు సంచితో సందు మలుపులో నిలబడితే తల్లికి నిద్ర పట్టదు. హైదరాబాదులో "మాది మాచర్ల" అనగానే బాంబుల గురించి అడిగేవాళ్లు అన్ని మతాల వాళ్లకీ ఎదురవుతారు. ఒప్పుకుంటాను. కాకపోతే మిగతావాళ్ల మీద షక్ ఎన్నికలతోపాటు వచ్చి ఎన్నికలతోపాటు తగ్గుతుంది. మన పిల్లల మీద షక్‌కు అలాంటి వారబందీ లేదు. ఎక్కడో వేల మైళ్ల దూరంలో ఏదో జరిగినా, ఇక్కడ మన గేటు తెరుచుకుంటుంది.

సరే, ఖౌఫ్ సంగతి అలా ఉంచి ముందు కాయిదా చూద్దామనుకున్నాను. విలేకరి బుద్ధి. మిలిటరీవాళ్లది లాంటి గుడ్డ వాడితే నేరమా? సైనికులు వాడే దుస్తులు గానీ గుర్తు గానీ ధరించి, తాను సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో తిరిగితే నేరం. పాత ఐపీసీలో అది 140వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 168. మన సైన్యం 2022 జనవరి 15న కొత్త డిజైను యూనిఫాం చూపించింది, తర్వాత ఆ డిజైనును తన పేర రిజిస్టరు కూడా చేయించుకుంది. మావాడు చూపించిన సంచి మీద ఉన్నది ఆ డిజైను కాదు, అమెరికా ఓక్ ఆకులు. గాలం వేసేవాడు సైనికుడినని ఎవర్నీ నమ్మించడు. అంటే కాయిదా ప్రకారం ఆ సంచిలో తప్పు లేదు. ఉన్నది వీధి ప్రకారం. మన పిల్లల్ని పెంచేటప్పుడు మనం చదివే కితాబులు రెండు. ఒకటి కాయిదా, ఇంకోటి వీధి. రెండోది అచ్చులో దొరకదు.

తర్వాత, అసలు హంటింగ్ బ్యాక్‌ప్యాక్ అంటే ఏమిటో చూశాను. అడిగింది వాడే అయినా చదివింది నేనే. ఇది మీకూ పనికొస్తుంది.

వేట కాయిదాగా సాగే దేశాల్లో ఆ సంచి చేసే పని వేరు. జంతువు పడ్డాక కోసి, ఆ మాంసాన్ని అడవిలోంచి మోసుకురావాలి. అందుకే లోపల గట్టి చట్రం. బరువు భుజాల మీద కాక తుంటి మీద పడేలా వెడల్పాటి నడుం పట్టీ. పక్కన తుపాకీకో విల్లుకో తాళ్లు. నడుస్తుంటే చప్పుడు కాకూడదని గుడ్డ మీద సన్నటి నూగు. ఇవన్నీ కలిసి ఖాళీ సంచే రెండు కిలోల దాకా తూగుతుంది. మావాడు అందులో పెట్టేది రెండు గాలాలు, ఎర్రల డబ్బా, నీళ్లు, వాళ్లమ్మ కట్టిన పరాఠాలు. వచ్చేటప్పుడు అదృష్టం ఉంటే నాలుగు జిలేబీలు, ఒక జెల్ల. రెండు కిలోల సంచిలో కిలోన్నర సామాను. చేపను జబహ్ చెయ్యనక్కర్లేదు కాబట్టి దాదా కత్తి కూడా అక్కర్లేదు.

మన దేశంలో శికార్ బంద్ అయి ఎన్నో ఏళ్లయింది. 1972 చట్టం వచ్చినప్పుడు కొన్ని జంతువులకు లైసెన్సు మీద వేట ఉండేది, 1991 సవరణతో అదీ పోయింది. ఉచ్చు పన్నినా, బోను పెట్టినా, గుడ్లు తీసినా చట్టం దృష్టిలో వేటే. కుందేలుకైనా అంతే, కౌజుకైనా అంతే. మాచర్ల దాటి పడమటికి పోతే నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో దాన్ని అభయారణ్యం చేశారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. ఆ హద్దులోపల చేప పట్టాలన్నా అనుమతి కావాలి. మామూ అటువైపు పోడు, పోనివ్వడు.

మావాడికి ఈ సంగతి చెబితే "మరి ఇక్కడ అమ్ముతున్నారేంది?" అన్నాడు. మంచి సవాల్. శికార్ లేని దేశంలో శికారీ సంచి ఎవరికోసం? మగపిల్లల కోసం. అందులో ఉన్నది సంచి కాదు, ఒక ఖ్వాబ్. ఇది తగిలించుకుంటే నువ్వు మర్దువి, అడవి నీది, నీకు భయం లేదు అని. పదహారేళ్ల పిల్లగాడికి అది కావాలనిపించడంలో వింతేముంది? వాడి వయసులో నాకూ దాదా థైలా వేసుకుని అద్దంలో చూసుకోవాలనిపించింది.

నేను చదివినదాంట్లో నన్ను ఆపేసింది ఇంకో సంగతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకీ వేట సీజన్లో శికారీ మెరిసే నారింజరంగు వేసుకోవాలని కాయిదా ఉంది. చొక్కా మీద చేతుల్లేని కోటో, టోపీయో. సంచి వెనక్కి వేసుకుంటే వీపు మీది నారింజ కోటును కప్పేస్తుంది కాబట్టి, పిల్లల్ని వెంట తీసుకుపోయేవాళ్లు సంచి మీద కూడా నారింజ తొడుగు వేస్తారు. జింక కంటికి నీలం బాగా ఆనుతుంది గానీ ఎరుపు, నారింజ మాసిన రంగుల్లా కనపడతాయి. మనిషి కంటికేమో ఆ నారింజ ఫర్లాంగు దూరం నుంచి కొడుతుంది. జింకకు కనపడకూడదు, ఇంకో తుపాకీవాడికి కనపడాలి. అంటే అసలు సిసలు శికారీ తన బిడ్డ కోసం వెతికేది బిడ్డను దాచే సంచి కాదు, బిడ్డను చూపించే సంచి.

ఇది చదివాక ఆ రాత్రి మావాణ్ని మిద్దె మీదికి పిలిచాను. అసలు మాట చెప్పాను. నా సంచి రోడ్డు మీద గుమ్మరించిన రోజు గురించి వాడికి అప్పటిదాకా తెలియదు. చెప్పాను. నడుం వంచి ఏరుకున్నది కూడా చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "ముందే చెప్పొచ్చుగా అబ్బా. అలా అని తెలిస్తే నేను అడిగేవాణ్నే కాదు. ఛోడో, నాకొద్దు."

నిజం చెబుతున్నాను, వాడు మొండికేసి ఏడ్చినా నాకు అంత బాధ ఉండేది కాదు. ఎంత తేలిగ్గా వదిలేశాడు! పదహారేళ్లకే వీధి కితాబు మొత్తం చదివేశాడు. నేను చెప్పకముందే వాడికి తెలుసు. కాలేజీలో ఎక్కడ ఏ మాట అనకూడదో, ఏ స్టేటస్ పెట్టకూడదో, ఎవరు "ఊరికే సరదాకి" ఏమన్నా ఎలా నవ్వేయాలో వాడికి తెలుసు. నేను కొత్తగా నేర్పిందేమీ లేదు. ఆ జాబితాలో ఒక సంచి చేర్చానంతే.

అందుకే "ఛోడో" అంటే ఒప్పుకోలేదు. "వదిలేస్తే మంచి కారణానికి వదిలెయ్. కొంటే మంచి కారణానికి కొను. నా ఖౌఫ్‌ను లెక్కలోంచి తీసెయ్. సంచిని సంచిలాగా చూద్దాం" అన్నాను.

తెల్లారి ముందు వాడి కాలేజీ సంచిని వీధి చివర కిరాణా కొట్టులో కాటా మీద పెట్టించాను. తొమ్మిది కిలోలు! వాడి బరువు 52. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతు దాటకూడదు. 11, 12 తరగతులకు మూడున్నర నుంచి అయిదు కిలోలు. మావాడు దాదాపు రెండింతలు మోస్తున్నాడు, అదీ ఒకే భుజానికి తగిలించుకుని, రోజూ. వాడి వీపుకు నిజంగా ముప్పు తెచ్చేది ఏదో నాకు కనపడలేదు. ఆదివారం వేసుకునే ఆకుల గుడ్డ కనపడింది. ఫిక్ర్ అంటే అంతే మరి. ఒకవైపే చూడనిస్తుంది.

తర్వాత నరసరావుపేటలో ఒక దుకాణానికి పోయాం. పోయేముందు వాడి వీపు కొలిచాం. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర నుంచి, నడుం పక్కల చేతులు ఆనించే తుంటి ఎముకల పైభాగం దాకా టేపు పెట్టాలి. సంచి ఎంపికలో పనికొచ్చే కొలత అదే, మనిషి ఎత్తు కాదు. దుకాణంలో నాలుగు రకాలు తగిలించి చూశాం. ఖాళీది తగిలించుకుంటే అన్నీ బాగానే ఉంటాయి. అందుకని దుకాణం అతణ్ని బతిమాలి నాలుగు లీటరు నీళ్ల సీసాలు లోపల పెట్టించి, మెట్లు రెండుసార్లు ఎక్కించి దింపించాను. అప్పుడు తెలిసింది. 45 లీటర్లది వాడికి తుంటి దాటి కిందికి జారింది, నడుం పట్టీ ఎక్కడ కట్టాలో అక్కడ కట్టుకోలేదు. 28 లీటర్లది వీపుకు అంటుకుని కూర్చుంది. బరువైనవి వీపుకు దగ్గరగా నడిమధ్యలో పెట్టాలి, తేలికవి కింద, ఒంటిచేత్తో అందాల్సినవి పైన. భుజం పట్టీలు వెడల్పుగా ఉండాలి, రొమ్ము పట్టీ పైకీ కిందికీ జరగాలి. జిప్పు మీద వాన నీళ్లు నిలవని మూత ఉండాలి. ఇవి చూశాకే రంగు.

ఇంకో మాట కూడా వాడికి గట్టిగా చెప్పాను, మీరు మీ పిల్లలకు చెప్పండి. కాలువగట్టున నిలబడ్డాక నడుం పట్టీ, రొమ్ము పట్టీ రెండూ విప్పి ఉంచాలి. లైనింగు చేసిన కాలువ అంచు పాకుడుపట్టి ఉంటుంది. నీళ్లు వదిలిన రోజుల్లో కాలు జారితే సంచి విడిపించుకునే టైము ఉండదు. పల్నాడులో కాలువ పక్క పిల్లలున్న ఏ ఇంటికైనా అసలు భయం అదీ. వీధిలో షక్ కంటే నీళ్లు త్వరగా తీసుకుపోతాయి.

రంగుల్లో నలుపు ఉంది, బూడిదరంగు ఉంది, నారింజ ఉంది. ఆకుల అచ్చుది కూడా ఒకటుంది, వాడి కొలతకే. నేను నోరు మూసుకుని పక్కకు పోయి గొడుగులు చూస్తూ నిలబడ్డాను. కొంచెంసేపటికి వాడు నారింజది తగిలించుకొచ్చాడు. "కాలువలో పడితే కనపడతాను అబ్బా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. వాళ్లమ్మకు ఆ మాట చెప్పొద్దన్నాను.

ఇంటికొచ్చాక మామూ చూసి "అరె, జాఫ్రానీ రంగు తెచ్చారేంది భాయ్! ఇప్పుడు ఇద్దరివైపు నుంచీ పడుతుంది వీడికి" అని పగలబడి నవ్వాడు. ఆకుపచ్చ మనకు, కాషాయం వాళ్లకు అని రంగుల్ని కూడా పంచేసుకున్న రోజులు కదా. మా ఆవిడ వెంటనే అంది: "బిర్యానీ మీద మీరు పోసుకు తినే జాఫ్రాన్ ఏ రంగు?" మామూ దగ్గర జవాబు లేదు.

మావాడు నారింజ ఎంచుకున్నది కాలువ కోసమా, నా కోసమా? నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. గొడుగుల దగ్గర నిలబడ్డంత మాత్రాన నా ఖౌఫ్‌ను దుకాణం బయట వదిలేశానని అనుకోను. వాడు దాన్ని చూసే ఉంటాడు. పిల్లలు మన మొహాలు చదివినంత బాగా పుస్తకాలు చదవరు.

నా రాయ్ ఇదీ. మన పిల్లలకు ఏదైనా వద్దనేటప్పుడు అబద్ధపు కారణాలు చెప్పొద్దు. ధర అని, జిప్పు అని, కాలేజీ అని. వాళ్లకు అసలు కారణం తెలుసు. మనం చెప్పకపోతే, అది చెప్పుకోలేనంత సిగ్గుపడాల్సిన సంగతి అనుకుంటారు. సిగ్గు పడాల్సింది సంచి గుమ్మరించినవాడు, ఏరుకున్నవాడు కాదు. ఈ మాట నాకు చెప్పినవాళ్లు లేరు కాబట్టి ఇన్నేళ్లు దాచుకున్నాను. మావాడికి పదహారేళ్లకు చెప్పగలిగాను. అది తర్బియత్‌లో భాగమే అనుకుంటున్నాను.

హిఫాజత్ వేరు, దాచిపెట్టడం వేరు. కాలువగట్టున పట్టీలు విప్పమనడం హిఫాజత్. సంచిలో ఏముందో అడిగితే తొణక్కుండా చెప్పమనడం, కాలేజీ కార్డు పై అరలో పెట్టుకోమనడం, చీకటితో పోయేటప్పుడు మామూ లేకుండా పోవద్దనడం హిఫాజత్. కంటికి కనపడకుండా బతకమనడం హిఫాజత్ కాదు. అలా పెంచితే పిల్లలు బతుకుతారేమో గానీ పెరగరు.

ఇక మన హిందూ దోస్తులకు, ఈ బ్లాగును ఏళ్లుగా చదువుతున్నవాళ్లకు ఒక్క మాట. మీ తాతల వెంట అడవికి పోయిన సాయిబు సంచిలో కత్తి ఉండేది. మీ పెళ్లిళ్లలో వేటను కోసింది ఆ కత్తే. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే అడగండి, చెబుతారు. ఆ సాయిబు ముని మనవడి సంచిలో ఇప్పుడు ఎర్రల డబ్బా, పరాఠాలు ఉన్నాయి. కాలువగట్టున ఎవరైనా వాణ్ని ఆపి సంచి విప్పమంటుంటే, అటుగా పోతూ మీరు ఒక్క నిమిషం బండి ఆపండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఊరికే నిలబడండి. నా లెన్సు మట్టిలో దొర్లిన రోజున దారిన పోయే బండ్లు చాలా ఉన్నాయి. ఒక్కటీ ఆగలేదు. నేను "జానే దో" అన్నాను కాబట్టి ఆగలేదేమో. ఇప్పుడు అననని చెబుతున్నాను.

మొన్న ఆదివారం ఫజ్ర్ చదివి మామూ, మావాడు బయలుదేరారు. మిద్దె మీదనుంచి చూస్తూ నిలబడ్డాను. వీధి మలుపు తిరిగాక కూడా ఆ నారింజ రంగు చిల్లచెట్ల సందుల్లోంచి చాలాసేపు కనపడింది. మధ్యాహ్నానికి మూడు జిలేబీలు తెచ్చాడు. సంచి తడిసి కంపు కొడుతోంది. మూత లోపలివైపు ఏదో గీసి ఉంటే తిప్పి చూశాను. మార్కర్ పెన్నుతో వాడి పేరు రాసుకున్నాడు. తెలుగులో ఒకసారి, కింద ఉర్దూలో ఇంకోసారి. ఉర్దూలో ఒక నుక్తా తప్పు పెట్టాడు. సాయంత్రం కూర్చోబెట్టి దిద్దించాను.

ఖుదా హాఫిజ్.